గ్రీసుకిచ్చిన సెలవు

మద్రాసు,
2 ఫిబ్రవరి 1941

పెద్దమ్మ సంతోషమ్మకు దయామణి చేతులు జోడించి రాసేది.

మైనరంటే మార్కాపురంలో సిల్కు లాల్చీ తొడుక్కుని తిరిగే బాబులని, వాళ్ళ చదువు ఆడపిల్లకెందుకని నువ్వు రాసిన ముక్కను హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. పడీపడీ నవ్వారు. మా కాలేజీలో మైనరంటే పెద్ద పాఠం పక్కన పెట్టుకునే చిన్న పాఠం. నా పెద్ద పాఠం చరిత్ర. చిన్నది అంతర్జాతీయ వ్యవహారాలు. ఏ దేశం ఏ దేశంతో మాట్లాడుతోంది, ఎవరితో మాటలు మానేసింది, ఎవరి పొలిమేర ఎక్కడ, ఇవన్నీ చెబుతారు. బావి దగ్గర నువ్వు రోజూ తీర్చే తగాదాలే అనుకో. మనుషుల బదులు దేశాలు, అంతే తేడా.

ఇది తీసుకోవడానికి అసలు కారణం నాయన. రంగూను బియ్యం మిల్లులో ఆయన మూటలు మోస్తుంటే, ఆ బర్మా ఎక్కడుందో, దానికీ మనకూ మధ్య ఏముందో కూడా నాకు తెలియదాయె. మొన్న ఎవరిచేతో రాయించిన ఉత్తరంలో, భుజం కాయ కాసిందని, కొత్త చెప్పులు కొన్నానని, వచ్చే ఏడు నా పరీక్షలయ్యేసరికి వచ్చేస్తానని చెప్పాడు. అమ్మ పోయాక నన్ను నీ చేతిలో పెట్టి ఓడెక్కిన మనిషి. నేను పట్టా పుచ్చుకునే రోజున ఆయన ఎదురుగా కూర్చుని చూడాలి. నాకు ఇంకే కోరికా లేదు.

నువ్వు ఆదివారం పూట బైబిల్లో చదివే కొరింథు, థెస్సలొనీక నిజంగా ఉన్నాయా అని అడిగావు. ఉన్నాయి. ఆ దేశం పేరు గ్రీసు. చలికాలమంతా మంచు కొండల్లో ఇటలీతో పోరాడుతోంది. ఇక జర్మనీ కూడా మీద పడుతుందని, అది కొనఊపిరితో ఉన్న దేశమని మా లెక్చరరమ్మ చెబుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. నీకు అవి చుట్టాల ఊళ్ళే కదా. పల్చటి కాగితం మీద పటం గీసి పంపుతున్నాను. చుక్క పెట్టిన చోటల్లా ఊరి పేరు తెలుగులో రాశాను. వాళ్ళ కోసం ఒక ప్రార్థన చెయ్యి.

నీ దయ

* * *

పుల్లలచెరువు,
1 ఏప్రిల్ 1941

అమ్మాయి దయకు పెద్దమ్మ దీవెనలు.

పటం అందింది. అంత చక్కటి చేతిరాత నీకు నేను నేర్పించిందే అని పేటంతా చూపించుకొచ్చాను. ఇక్కడ అప్పుడే ఎండలు ముదిరాయి. పెద్ద బావిలో అడుగున రాళ్ళు కనబడుతున్నాయి. తెల్లవారి తోడిన కడవే సాయంత్రం దాకా రావాలి. నేను వాక్యం చెప్పడానికి అడవి అంచు ఊళ్ళకు పోతే, అక్కడ వాక్యం కంటే ముందు నా చెంబులో నీళ్ళు అడుగుతున్నారు.

గ్రీసు సంగతి చూశాం. మొన్న ఆదివారం సెలవు ఇచ్చేశాం.

నువ్వు చిన్ననాటి నుంచీ బోర్డింగు బడిలో పెరిగావు, నీకు ఇది తెలియదు. మన పేటలో ఎవరైనా మంచం పట్టి, ప్రాణం పోకా ఉండకా యాతన పడుతుంటే, అయినవాళ్ళ మమకారమే ఆ మనిషిని కదలనివ్వడం లేదని అర్థం. అప్పుడు నాకు కబురు వస్తుంది. ఆ మనిషి వాడిన గుడ్డ ఒకటి గడప మీద పరుస్తాం. నేను లోపల నిలబడి పేరు పెట్టి పిలిచి, మేము నిన్ను పట్టుకోలేదు, నువ్వు పోవచ్చు అంటాను. వెనక అందరూ పోవచ్చు అంటారు. ఆ తరువాత ఎక్కువసేపు పట్టదు. మీ అమ్మకు ఇచ్చింది నేనే. నా చెల్లెలు, నా చేతుల మీద పెరిగిన పిల్ల. అయినా గొంతు వణకనివ్వలేదు. ఈ ఆచారం మిషను దొరగారికి తెలియదు, నువ్వు ఇంగ్లీషులో ఎవరికీ చెప్పకు.

కొనఊపిరితో ఉందని రాశావు కాబట్టి ఏ ప్రార్థన చెయ్యాలో మాకు అనుమానం రాలేదు. పేట పెద్ద ఓబులయ్య మాత్రం అడ్డం లేచాడు. "దేశానికి కట్టుగుడ్డ యాడ దొరుకుతాది సంతోషమ్మా?" అన్నాడు. పక్కింటి హన్నా అందుకుని, "పటం ఉండాది గదన్నా, అదే పరుచ్చాం" అంది. ప్రార్థన గుడి గడప మీద పరిచాం. దేశం పేరు పిలిచాను. చుక్కలున్న ఊళ్ళ పేర్లు కూడా వరసగా పిలిచాను.

ఒకటి చెప్పాలి. మేము పోవచ్చు అనగానే ఆ కాగితం లేచి గడప దాటి వాకిట్లో పడింది. గాలి లేదు. పల్చటి కాగితం, ఇంతమంది ఊపిరికే కదిలి ఉంటుంది. అయితే దాన్ని మళ్ళీ లోపలికి తేవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు. సెలవు పొందిన గుడ్డ లోపలికి రాకూడదు కూడా.

మజ్జిగ తాగుతున్నావా? పట్నం నీళ్ళు వేడి చేస్తాయి.

పెద్దమ్మ

* * *

మద్రాసు,
5 మే 1941

పెద్దమ్మా,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. నా స్నేహితురాలు అన్నపూర్ణకు చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం కూడా. తరువాత వారంలో పేపరు వచ్చింది. థెస్సలొనీక జర్మనుల చేతికి పోయింది. ఆ తరువాత కొరింథు. ఏథెన్సు. నువ్వు పిలిచిన ఊళ్ళన్నీ పోయాయి. అన్నపూర్ణ ఇప్పుడు నవ్వడం లేదు, నీ ఉత్తరాలు నా బల్ల మీద ఉంటే తన కుర్చీ దూరంగా జరుపుకుంటోంది.

నీ ప్రార్థనకూ దీనికీ సంబంధం లేదని నాకు తెలుసు. సైన్యాలు ముందునుంచే పొలిమేరల్లో కూడి ఉన్నాయి. అయినా ఉండబట్టలేక లెక్చరరమ్మను అడిగాను. సెలవుల్లో ఇంటికి రాకుండా ఆవిడకు లైబ్రరీ సర్దిపెడుతున్నాను కదా, ఆ చనువుతో. "నేల మొత్తం పోయాక ఒక దేశం చచ్చిపోయినట్టేనా?" అన్నాను. కాదన్నారు. దేశం బతికుందో లేదో దాని నేలను బట్టి తేల్చరట. మిగతా దేశాలు దాన్ని పేరుపెట్టి పిలిచి, దాని ఉత్తరాలకు జవాబిస్తున్నంత కాలం అది ఉన్నట్టేనట. దీన్ని గుర్తింపు అంటారు. అందరూ జవాబివ్వడం మానేసిన రోజున, నేలా మనుషులూ ఉన్నా కూడా అది లేనట్టేనట.

మాటవరసకే అడుగుతున్నాను, ఇచ్చిన సెలవు వాపసు తీసుకునే దారి మన పేటలో ఉందా?

నాయన ఉత్తరం ఈ నెల రాలేదు. నీకేమైనా వచ్చిందా?

దయ

* * *

పుల్లలచెరువు,
20 జూన్ 1941

దయా,

వాపసు లేదు. మంచం మీది మనిషి లేచి కూర్చున్న సందర్భం ఎప్పుడూ రాలేదు కనుక ఆ ఆలోచన మాకు అవసరం పడలేదు.

మీ నాయన ఉత్తరం ఇక్కడికే వచ్చింది, ఇందులో పెట్టాను. కులాసాగా ఉన్నాడు.

నీ గ్రీసు పుణ్యమా అని నాకు కొత్త చిక్కు వచ్చిపడింది. మార్కాపురంలో పలకల వ్యాపారి వీరభద్రయ్య సెట్టి బండి కట్టించుకుని మన పేటకు వచ్చాడు. ఆయన ఎన్నడూ మన వైపు తొంగిచూసిన మనిషి కాదు. నులక మంచం మీద కూర్చుని చాలాసేపు వానల గురించీ వాళ్ళ పలకలు పోయే దేశాల గురించీ మాట్లాడి, చివరకు గొంతు తగ్గించాడు.

"సంతోషమ్మా, నువ్వు గ్రీసుకు సెలవిచ్చినావంట గదా. అట్లనే ఇంగ్లండుకు గూడా ఒకటి ఇచ్చేయరాదూ? మన కాంగ్రెసోళ్ళంతా జైళ్ళలో మగ్గుతున్నారు."

"ఇంగ్లండు మంచంలో ఉందని ఎవురు చెప్పినారు సెట్టీ నీకు? నడిచే మనిషికి సెలవిచ్చేదాన్ని ఏమంటారో తెలుసా?"

"ఏమంటారు?"

"ఇంకో పేరుంది దానికి. ఆ పని నేను చెయ్యను. బండి తిప్పుకోపో."

పోయాడు గానీ, పోతూ పోతూ క్రేతు ద్వీపం కూడా పోయిందని పేపరులో చదివానని చెప్పాడు. క్రేతును నేను పిలవలేదు దయా. నాకు బాగా గుర్తు. హన్నా మాత్రం పటంలో అది కూడా ఉందని, చుక్క పెట్టకుండా గీశావని అంటోంది. వాకిట్లో పడిన ఆ కాగితాన్ని ఎండుటాకులతో పాటు తగలబెట్టించాను. ఇప్పుడు పేటలో పిల్లలు ఆటల్లో కూడా దేశాల పేర్లు ఎత్తడం లేదు. బడిపంతులు పటం గోడ వైపుకు తిప్పి పెట్టాడు.

ఈసారి పటం గీస్తే బర్మాది గీసి పంపు. మీ నాయన ఉన్న చోటు చూడాలనుంది.

పెద్దమ్మ

* * *

మద్రాసు,
28 డిసెంబరు 1941

పెద్దమ్మా,

రంగూను మీద జపాను బాంబులు వేసింది. రేవు దగ్గర, బజారుల్లో, పని మనుషులుండే చోట్లలో చాలామంది పోయారట. నాయన మిల్లు రేవు పక్కనే. తంతి ఇచ్చాను, జవాబు లేదు.

బర్మా పటం గీసి పంపమని ఎన్నిసార్లు అడిగావో. పంపను. ఏమీ అనుకోకు. ఆ దేశం పేరు గానీ, ఆ ఊరి పేరు గానీ, నాయన పేరు గానీ దయచేసి గుడి గడప దగ్గర ఎత్తవద్దు. ఎవరు అడిగినా వద్దు. ఇంత చదివి ఇదేం రాత అని నువ్వు నవ్వినా సరే. పగలంతా క్లాసులో సంధుల గురించీ సైన్యాల గురించీ నోట్సు రాసుకుంటాను, పడుకోబోతే నాకు ఆ గడపే కళ్ళ ముందుకొస్తుంది. నాకు భయంగా ఉంది పెద్దమ్మా.

దయ

* * *

పుల్లలచెరువు,
11 జనవరి 1942

దయకు,

నవ్వలేదు. బాధ పడ్డాను. పటం అడిగింది ఆయన ఏ దారిన ఇంటికి రావాలో వేలు పెట్టి చూసుకుందామని. నీ కంటికి నేను అంత మాత్రపు మనిషినయ్యానా?

యోసేపు నీకు నాయన అయితే నాకు మరిది. మీ అమ్మను ఈ ఇంట్లోనే చేసుకున్నాడు. ఆమె పోయాక మళ్ళీ పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళ మీద ఎంత విసుక్కునేవాడో నేను చూశాను. ఆయన ఇక్కడికి తిరిగి రావాలని నీకున్నంత ఆశ నాకూ ఉంది.

మన పేట నుంచి అక్కడికి పోయినవాళ్ళ ఆడవాళ్ళు రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నారు. చీకటి పడుతుంటే లేచి పోతారు. ఆ దేశం పేరు ఎవరం ఎత్తడం లేదు. దానికి బదులు "అవతల" అంటున్నాం. గుడికి పోయినా నేను గడప మీద కాలు పెట్టకుండా పక్క తలుపు నుంచి పోతున్నాను. నీకు ఇంతకంటే ఏం చెప్పను.

పరీక్షలు బాగా రాయి.

సంతోషమ్మ

* * *

మద్రాసు,
10 ఏప్రిల్ 1942

పెద్దమ్మా,

కోపం పోయిందా? పోయినసారి పెద్దమ్మ అని కాకుండా పేరు పెట్టి ముగించావు. అది చూసి ఏడ్చాను.

రంగూను పోయింది. పరీక్షలు ఎట్లాగో రాశాను. ఇప్పుడు మద్రాసు మీద కూడా బాంబులు పడతాయని ఊరు ఊరంతా ఖాళీ అవుతోంది. ఇళ్ళకు తాళాలు. వీధుల్లో కుక్కలు తప్ప ఏమీ లేవు. హాస్టలు మూసేశారు. నేను స్టేషను దగ్గర బర్మా నుంచి వచ్చేవాళ్ళ శిబిరంలో పేర్లు రాసే పనిలో చేరాను. వచ్చే ప్రతి మనిషినీ నాయన గురించి అడుగుతున్నాను.

నిన్న తర్లుపాడు మనిషి చెంచయ్య దొరికాడు. నాయనతో కలిసి కొండల మీద నడిచాడట. కొండ మీద ఒక మకాంలో నాయనకు వాంతులూ విరేచనాలూ పట్టుకుని లేవలేకపోయాడట. "నువ్వు పో చెంచయ్యా, నేను ఎనకనే వస్తా" అన్నాడట. చెంచయ్య వచ్చేశాడు. అదీ సంగతి. అంతకంటే తెలియదు. నేను మాత్రం వస్తాడనే అనుకుంటున్నాను.

చెంచయ్య ఇంటికి పోతున్నాడు, నా పెట్టె అతనితో పంపుతున్నాను. పుస్తకాల మీద నాయన దుప్పటి పెట్టాను. ఓడెక్కే ముందు, నాకు అక్కడ చలి ఉండదులే నువ్వు కప్పుకో అని ఇచ్చిపోయిన దుప్పటి. ఇక్కడ బాంబు పడితే కాలిపోతుందని పంపుతున్నాను. ఆయన వచ్చేదాకా భద్రంగా దాచు.

దయ

* * *

పుల్లలచెరువు,
21 ఏప్రిల్ 1942

నా తల్లి దయకు,

నీ ఉత్తరం ఏదీ రాలేదు. టపా సరిగా నడవడం లేదంటున్నారు. పెట్టె మాత్రం చెంచయ్య తెచ్చి ఇచ్చి, మీ నాయనను ఏ స్థితిలో వదిలి వచ్చాడో కళ్ళ నీళ్ళతో చెప్పాడు. నెల దాటిందట, దిక్కులేని కొండ మీద అట్లా పడి ఉండి.

పెట్టె తెరిచాను. అన్నిటికంటే పైన దుప్పటి. సెలవుకని నా దగ్గరికి గుడ్డ పంపేది కన్నబిడ్డే. నోరు తెరిచి ఎవరూ అడగరు, అడగలేరు. అంత దూరాన, ఒక్కదానివి, ఎంత గుండె రాయి చేసుకుని మడత పెట్టావో అనుకున్నాను. వద్దు వద్దని రాసినదానివే పంపావంటే ఆయన యాతన నీకు తెలిసిపోయింది.

మొన్న ఆదివారం ఇచ్చాం. ఈసారి గొంతు నిలవలేదు. రెండుసార్లు పిలవాల్సి వచ్చింది. దుప్పటి ఆచారం ప్రకారం బయట కంచె మీద వేశాం. నలభయ్యో దినం ప్రార్థన దాకా అక్కడే ఉంటుంది.

ఇక నువ్వు ఏడవకు. ఏడిస్తే ఆయనకు నడక సాగదు.

నీ పెద్దమ్మ

* * *

మద్రాసు,
6 మే 1942

పెద్దమ్మా,

నాయన బతికే ఉన్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి నేను మనిషిని కాను. దుప్పటి దాచమని పంపాను పెద్దమ్మా, అందుకు కాదు. ఆ ఆచారంలో గుడ్డ పంపేది నేనేనని నాకెట్లా తెలుస్తుంది? ఎవరిని తిట్టాలో తెలియక శిబిరంలో పేర్లు రాస్తూనే ఉన్నాను. మొన్న ఆదివారం కలకత్తా బండి దిగిన వాళ్ళ వరసలో ఒకాయన నా బల్ల ముందు నిలబడ్డాడు. తల ఎత్తకుండానే పేరు అడిగాను. యోసేపు, పుల్లలచెరువు అన్నాడు. చూస్తే పోల్చుకోలేకపోయాను. ఎముకలూ గడ్డమూ తప్ప ఏమీ లేదు. గొంతు ఒక్కటే మా నాయనది.

ఎట్లా వచ్చాడో అడిగితే చెప్పలేదు. ఒక రోజు తన శరీరం ఉన్నట్టుండి తేలికైందని, ఎవరో దూరం నుంచి రెండుసార్లు పిలిచినట్టయి లేచి నడిచానని మాత్రం అన్నాడు. నువ్వు ఇచ్చిన సెలవు సంగతి ఆయనతో చెప్పలేదు. ఎట్లా చెప్పను?

నా పని మరొకరికి అప్పగించేదాకా ఆగమన్నాను. ఆగలేదు. వదినెను చూడాలి, ఇంట్లో పడుకోవాలి అని ఒకటే పాట. నిన్న బండెక్కాడు. ఈ ఉత్తరం కంటే ముందే చేరతాడేమో. ఆయన రాగానే పేరు పెట్టి పిలిచి లోపలికి తీసుకో. పేటలో అందరికీ చెప్పు. నేను ఈ నెలాఖరుకు వస్తాను.

దయ

* * *

పుల్లలచెరువు,
11 మే 1942

దయా,

ఇది చదివి భయపడకు. మేము జాగ్రత్తగానే ఉన్నాం.

మొన్న శనివారం మిట్టమధ్యాహ్నం. ఎండకు తలుపులన్నీ మూసుకుని ఉన్నాం. పేటలో అలికిడి లేదు, కోడి కూడా అరవడం లేదు. మీ నాయన గొంతు నా తలుపు అవతల నుంచి పిలిచింది.

"వదినె. నేను, యోసేపును. తలుపు తియ్యి."

సెలవు పొందినవాళ్ళు నలభయ్యో దినం లోపల ఒక్కొక్కసారి వచ్చి పిలుస్తారని మా అమ్మ చెప్పేది. పలకకూడదు. పలికితే వాళ్ళు ఇటూ అటూ కాకుండా మధ్యలో ఉండిపోతారు. నేను ఇంతవరకూ వినలేదు, ఇదే మొదలు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

"ఏంది వదినె, లోపల ఉండి పలకవు? శానా దూరం నడిచొచ్చినా. నీళ్ళన్నా ఇయ్యి."

కడవ నా చేతికి అందేంత దగ్గరలో ఉంది దయా. ఇవ్వలేదు. అప్పుడు, "దయను చూసే వచ్చినా, బాగుండాది" అంది ఆ గొంతు. పోయే ముందు బిడ్డను చూసుకోవడానికి అంత దూరం వెళ్ళాడని తలుపుకు తల ఆనించి ఏడ్చాను, చప్పుడు రాకుండా. తరువాత ఆ గొంతు హన్నా వాళ్ళ తలుపు దగ్గర పిలిచింది. ఓబులయ్య వాళ్ళ తలుపు దగ్గర పిలిచింది. పేట ఆ చివర దాకా ప్రతి ఇంటి ముందూ, ఆ ఇంటివాళ్ళ పేర్లు తప్పకుండా పిలుస్తూ పోయింది. ఒక్కరూ పలకలేదు. పిల్లల నోళ్ళు తల్లులు మూసి పట్టుకున్నారు.

పొద్దు వాలాక తలుపు తీశాం. కంచె మీద దుప్పటి లేదు. దుమ్ములో పాదాల గుర్తులున్నాయి, వాకిలి వాకిలికీ. ఒక కాలు ఈడ్చినట్టుంది. నేను వంగి చూస్తుంటే ఓబులయ్య చీపురు తెచ్చి ఊడ్చేశాడు.

ఇంతవరకు పొద్దున రాశాను. మధ్యాహ్నం టపాలో నీ పాత ఉత్తరం వచ్చింది, ఏప్రిల్‌లో రాసింది. దుప్పటి భద్రంగా దాచమన్నావు. నువ్వు అడగకుండానే ఇచ్చానా? అయితే ఎవరికి ఇచ్చాను? మొన్న వచ్చింది ఎవరు? వెంటనే రాయి.

పెద్దమ్మ

* * *

పుల్లలచెరువు,
22 మే 1942

దయా,

బతికే ఉన్నాడని నువ్వు రాసింది నాకు వారం కిందట చేరింది. చదివిన దాన్ని చదివినట్టే వదిలి ఎండలో పడి పరిగెత్తాను. దారి పొడుగునా ఆయన పేరు కేక వేస్తూ పోయాను. ఎవరెవరు ఏమనుకున్నారో నాకు అనవసరం.

తర్లుపాడు దగ్గర పలకలు కోసే పాకలో దొరికాడు. చెంచయ్య చూసి కూర్చోబెట్టి గంజి పోస్తున్నాడట. ఈ మండే ఎండలో ఆ దుప్పటి తల మీదుగా కప్పుకుని ఉన్నాడు. నేను ఎదురుగా కూలబడి, యోసేపూ అని పిలిచాను. తప్పయింది అన్నాను. తలుపు వెనకే ఉన్నాను, నీళ్ళు అందుబాటులోనే ఉన్నాయి, అయినా ఇవ్వలేదు అన్నాను. నా వైపు చూశాడు. గోడను చూసినట్టు చూశాడు. పాకలో చేరిన రోజున చెంచయ్యతో ఒక్కటే మాట అన్నాడట, "నన్ను పిలవొద్దు చెంచయ్యా. కంచె మీద నా దుప్పటి చూసినా. మా వోళ్ళు నాకు సెలవిచ్చినారు." ఆ తరువాత నోరు తెరవలేదు.

బండిలో ఇంటికి తెచ్చాం. అన్నం పెడితే తింటాడు. పడుకోమంటే పడుకోడు, చెయ్యి పట్టి పడుకోబెడితే పడుకుంటాడు. గడప దాటి లోపలికి తేవడానికి మాత్రం నలుగురు పట్టాల్సి వచ్చింది. హన్నా పిలిచింది. ఓబులయ్య కాళ్ళు పట్టుకుని పిలిచాడు. ఇంటింటి వాళ్ళూ వచ్చి ఆయన మొన్న ఏ పేర్లతో తమను పిలిచాడో ఆ పేర్లు చెప్పుకుని, ఇదిగో పలికాం, పలికాం అని ఏడ్చారు. ఆయన ఎవరికీ పలకడం లేదు. దీపం వెలుగులో చూస్తే ఊపిరి తీస్తున్నాడా లేదా అని నేను దగ్గరికి పోయి వినాల్సి వస్తోంది.

మిగతావాళ్ళు జవాబిస్తున్నంత కాలం దేశం ఉన్నట్టేనని మీ పాఠంలో చెప్పారన్నావు. ఇక్కడ పేట మొత్తం జవాబిస్తోంది. జవాబివ్వనిది ఆయనే. అప్పుడు ఉన్నట్టా, లేనట్టా? మీ లెక్చరరమ్మకు తెలిస్తే అడిగి రా.

వచ్చే గురువారం నలభయ్యో దినం. ఆ రోజు ప్రార్థన జరపకపోతే పేటకు మంచిది కాదని కొందరు గొణుగుతున్నారు. నేను జరపను, జరపనివ్వను. కానీ నేను ఒక్కదాన్ని, పైగా ఈ పని చేసినదాన్ని, నా మాట ఎంతవరకు నిలుస్తుందో తెలియదు. పని అప్పగించడం, నెలాఖరు అనకు. ఈ ఉత్తరం అందగానే బండెక్కు. చెంచయ్య మార్కాపురం రోడ్డు స్టేషనులో ఎడ్లబండితో ఉంటాడు, ఎన్ని రోజులైనా కదలనని మాట ఇచ్చాడు.

ఆయనను అందరం పిలిచి చూశాం. నాయనా అని పిలవాల్సిన మనిషి ఒక్కతే మిగిలింది. వచ్చి పిలువమ్మా.

పెద్దమ్మ